పదిహేడో వరుస: జావెలిన్, ఒకటి

చార్జి అప్పగించిన రోజున, నా స్థానంలోకి వచ్చిన వ్యాయామోపాధ్యాయుడు స్టాకు రిజిస్టరులో పదహారు వస్తువులకు ఎదురుగా తడుముకోకుండా సంతకాలు పెట్టాడు. పదిహేడో వరుస దగ్గర అతని కలం ఆగింది. 'జావెలిన్, ఒకటి' అని అక్కడ నా దస్తూరిలో ఉంది. వస్తువు ఎదురుగా బల్ల మీదే ఉంది. దాని మొన బొటనవేలి పొడవున పక్కకు వంగి ఉంది.

"దెబ్బతిన్న వస్తువు నేనెలా తీసుకుంటానండి సార్? రేపు తనిఖీలో నన్నడుగుతారు కదండి," అన్నాడు.

అతనికి ఇరవై ఏడేళ్లు. మొదటి పోస్టింగు. ఉద్యోగంలో చేరి అది నాలుగో రోజు. పిల్లలకు పరుగు నేర్పడానికి మనకు రెండేళ్ల శిక్షణ ఇస్తారు. భయపడటం నేర్పడానికి శాఖకు నాలుగు రోజులు సరిపోతాయి. ఆ కుర్రాణ్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. అదే భయాన్ని నేను ఇరవై ఎనిమిదేళ్లు, ఏ వంకా పెట్టడానికి వీల్లేని అక్షరాలతో, గీతలు కొట్టిన రిజిస్టర్లలో భద్రపరిచాను. మండలంలో స్టాకు రిజిస్టరు ఎలా ఉండాలో చూపించడానికి ఇతర బడుల మాస్టార్లను నా దగ్గరికి పంపేవారు. వెళ్లి ఆట ఎలా ఆడిస్తున్నాడో చూసి రండని ఎవరినీ పంపలేదు. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మోకాళ్లు సహకరించక యాభై నాలుగో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్నాను. ఆ మొన ఎందుకు వంగిందో ఆ కుర్రాడికి ఆ రోజు చెప్పాను. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే సాయంత్రపు రైలు తప్పిపోయేంతసేపు చెప్పాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీ కోసం ఇప్పుడు రాస్తున్నాను. నా దగ్గర ఇరవై ఎనిమిది డైరీలున్నాయి. అవి ముందు పెట్టుకుని రాస్తున్నాను కనుక, గడిచిన కాలాన్ని నాకు అనుకూలంగా దిద్దుకునే వీలు నాకు లేదు.

మా బడి రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది. నేను తెనాలిలో ఉండేవాణ్ని. పొద్దున్నే ప్యాసింజరులో రేపల్లె, అక్కడి నుంచి షేర్ ఆటో. జిల్లాలు విడగొట్టాక నా ఇల్లు ఒక జిల్లాలోనూ, నా బడి మరో జిల్లాలోనూ పడ్డాయి గానీ రైలూ ఆటో మారలేదు. నాతోపాటు మా బడి హిందీ మాస్టారు కూడా అదే రైలెక్కేవారు. తెనాలిలో ట్రంకుపెట్టెలు చేసి అమ్మే ముస్లిం కుటుంబం వారిది. అన్నదమ్ములందరికీ రేకు వంచడం వచ్చు, ఆయనకు మాత్రం మాట వంచడం వచ్చు. ఈ కథలో నాకు నిజం చెప్పినవారు ఇద్దరే. వారిలో ఆయన ఒకరు.

వ్యాయామోపాధ్యాయుడు అనే పేరు విని మేము రోజంతా వ్యాయామం చేయిస్తామని బయటివాళ్లు అనుకుంటారు. ఉదయం ప్రార్థనలో వరుసలు సరిచేయడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర నిలబెట్టడం, మధ్యాహ్న భోజనం ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నట్టు మరో ఫోటో ఎక్కించడం, సెలవు పెట్టిన మాస్టార్ల తరగతులకు కాపలా కాయడం నా పనులు. టైంటేబులు ప్రకారం నాకు వారానికి ఇరవై నాలుగు పీరియడ్లు. ఒక ఏడాది పట్టుబట్టి లెక్క రాశాను. వాటిలో నిజంగా మైదానంలో గడిచినవి వారానికి తొమ్మిదికి మించలేదు. మిగిలినవాటిని పదో తరగతి లెక్కలూ, సైన్సూ మింగేశాయి. ఆడుకునే పీరియడు అంటే మా వాళ్ల దృష్టిలో ఖాళీ సీటు. ఎవరు ముందు వస్తే వారు కూర్చోవచ్చు.

మైదానం సంగతి కూడా చెప్పాలి. నేను ఆ బడికి బదిలీ కాకముందే ఎవరో పెద్దలు వచ్చి అక్కడ 'క్రీడా ప్రాంగణం' కట్టడానికి శంకుస్థాపన చేసి వెళ్లారు. నడుం ఎత్తు సిమెంటు దిమ్మె, దానికి నల్లరాతి పలక, పలక మీద పదకొండు మంది పేర్లు. ప్రాంగణం రాలేదు. పేర్లు మాత్రం వచ్చి, మైదానం నడిబొడ్డున నిలబడ్డాయి. దిమ్మెకు అటువైపు కబడ్డీ, ఇటువైపు ఖో-ఖో ఆడించేవాణ్ని. క్రికెట్ ఆడే పిల్లలు దాన్ని మిడ్-ఆఫ్ ఫీల్డరుగా లెక్కపెట్టేవారు. బంతి పలకకు తగిలితే పరుగు లేదని వాళ్లలో వాళ్లకు ఒప్పందం. ఆ పదకొండు మంది పేర్ల వల్ల క్రీడలకు జరిగిన ఏకైక ప్రయోజనం అదే.

ఇక సామగ్రి. ఒక ఏడాది ఆగస్టులో బడికి ప్రభుత్వం ఆటల కిట్టు పంపింది. మండల కార్యాలయం నుంచి నేనే ఆటోలో తెచ్చుకున్నాను. ఇరవై మూడు రకాల వస్తువులు. అన్నిటికంటే పొడుగ్గా, ప్లాస్టిక్ తొడుగులో, రెండు చివరలా సీలుతో, జావెలిన్. కిట్టుతోపాటు ఒక ఉత్తర్వు వచ్చింది. మూడో పేరాలో, ప్రతి విద్యార్థీ సామగ్రిని వినియోగించుకునేలా చూడాలని ఉంది. అయిదో పేరాలో, ఏ వస్తువూ దెబ్బతినకుండా వ్యాయామోపాధ్యాయుడు వ్యక్తిగతంగా బాధ్యత వహించాలని ఉంది. రెండింటి కింద ఉన్న సంతకం ఒక్కటే. ఆ సంతకం చేసిన మహానుభావుడు చిన్నప్పుడు ఏ ఆట ఆడాడో నాకు తెలియదు. ఏదీ పగలకుండా, అరగకుండా, మాయకుండా ఆడే ఆట ఏదో ఆడి ఉండాలి.

మూడో పేరాను అమలు చేయలేదని ఎవరూ ఎప్పుడూ సంజాయిషీ అడగరు. అయిదో పేరాకు అడుగుతారు. అంతకుముందు పనిచేసిన బడిలో ఒక వాలీబాల్ పగిలినందుకు నేను మూడు సంజాయిషీలు రాశాను. మూడోదానిలో, బంతి లోపల గాలి ఉంటుందనీ, పిల్లలు దాన్ని చేతులతో కొడతారనీ వివరించాల్సి వచ్చింది. ఆ అనుభవంతో, కిట్టు వచ్చిన రోజే ఒక నిర్ణయానికి వచ్చాను. తనిఖీ బృందం వచ్చి చూసి, రిజిస్టరులో సంతకం చేసి వెళ్లేదాకా ఏ సీలూ విప్పకూడదు. బృందం వచ్చే వారమే వస్తుందన్నారు. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. జావెలిన్ బీరువాలో పట్టక దాని వెనక గోడకు నిలబెట్టి, బీరువాను గోడకు జరిపాను. హెడ్ మిస్ట్రెస్ గారు చాలా సంతోషించారు. ఆవిడకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. "నేను వెళ్లేదాకా ఏదీ విరగనివ్వకండి మాస్టారూ, ఆ తర్వాత మీ ఇష్టం," అన్నారు. ఆవిడ తప్పు లేదు. ఆ భయం ఆవిడకు పైనుంచి వచ్చింది. నాకు ఆవిడ నుంచి వచ్చింది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి దానికి 'క్రమశిక్షణ' అని పేరు పడింది.

ఆ సెప్టెంబరులో, బడి మానేస్తున్న పిల్లల్ని వెతికి తెచ్చే పని నా మీద పడింది. అడవులదీవి పక్కన ఒక జాలరిపేటకు వెళ్లాను. కాలువలో ఒక చిన్న పడవ ఒడ్డుకు వస్తోంది. తొమ్మిదో తరగతి చదివే మా బడి అమ్మాయే దాన్ని గెడ వేసి తోస్తోంది. పడవ ఒడ్డుకు ఆనగానే ఆ పొడవాటి గెడను నడిమి దగ్గర పట్టుకుని, భుజం మీదుగా, గట్టు అవతల ఇసుకలోకి విసిరింది. అదేమీ ప్రదర్శన కాదు. చేతులు ఖాళీ చేసుకుని పడవ లాగడానికి వాళ్లు రోజూ చేసే పని. గెడ గాలిలో వణకకుండా వెళ్లి ఇసుకలో దిగబడింది. నేను అడుగులు వేసి కొలిచాను. ఇంటికి వచ్చి ఆ అడుగుల లెక్క డైరీలో రాసి, కింద రెండు గీతలు గీశాను. నా డైరీల్లో రెండు గీతలు చాలా తక్కువ చోట్ల ఉంటాయి.

వాళ్లమ్మ ఎండుచేపలు రేపల్లెకు తీసుకెళ్లి అమ్మేది. తండ్రి లేడు. పిల్లను పదో తరగతి కాగానే రొయ్యల షెడ్డులో పనికి పెట్టాలని ఆవిడ అప్పటికే అనుకుని ఉంది. నేను వెళ్లి చెప్పాను: జిల్లా ఎంపికల్లో మొదటి ఇద్దరిలో ఉంటే రాష్ట్ర పోటీలకు పంపుతారు, అక్కడ ఆడిన కాగితంతో క్రీడా వసతిగృహంలో సీటు కోసం నేను దరఖాస్తు పెట్టిస్తాను, ఇంటరు అక్కడే చదువుకోవచ్చు. ఆవిడ చేపలు తిరగేస్తూనే విన్నది.

"హాస్టలు ఇప్పిస్తే పంపిస్తానండి మాస్టారూ. ఇప్పించలేకపోతే మాత్రం దానికి లేనిపోని ఆశలు పెట్టబాకండి. మా పని మాకుంది."

ఇప్పిస్తానని అన్నాను. ఆ మాట కూడా డైరీలో ఉంది.

సాధన మొదలుపెట్టాం. మా తీరమంతా సరుగుడు తోటలే కనుక కర్రకు కొదవ లేదు. మంచి కర్ర ఒకటి కోయించి, బెరడు తీయించి, ఒక చివర చెక్కించాను. వరుసగా అడుగులు ఎలా వేయాలి, చేయి ఎప్పుడు వెనక్కి చాపాలి, నడుము ఎప్పుడు తిప్పాలి, గీత దగ్గర ఎలా ఆగాలి, అన్నీ నేర్పాను. నాకు ఆ విద్య వచ్చు. ఈ కథలో నేను చేతకాని మాస్టారినైతే ఇంత సిగ్గు ఉండేది కాదు. ఆ అమ్మాయి ఏడాదిలో ఆ కర్రను ఇరవై మూడు మీటర్లు విసరసాగింది. అంత బరువు కర్రనే అంత దూరం వేస్తే, జిల్లాలో మొదటి ఇద్దరిలో ఉండటానికి అది చాలునని నాకు తెలుసు.

ఆ ఏడాదిలో ఆ అమ్మాయి నన్ను అడిగింది ఒక్కసారే. బీరువా వెనకనుంచి పొడుచుకు వచ్చిన తొడుగు చివరను వేలితో తాకి, "మాస్టారూ, ఇది ఒక్కసారి పట్టుకోనాండి?" అంది.

"తనిఖీ అయ్యాక," అన్నాను.

తనిఖీ అప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి బృందంలోని అధికారి మారాడు, ఒకసారి వర్షాలు, ఒకసారి కారణమే చెప్పలేదు. ప్రతిసారీ 'వచ్చే వారం' అన్నారు. ఈలోపు కిట్టును వినియోగిస్తున్నట్టు ఫోటోలు పంపమని యాప్‌లో ఆదేశం వచ్చింది. సాయంత్రం లోగా పంపాలి. నేను కిట్టంతా బయటికి తీయించి, పిల్లల్ని నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికి ఒక్కో వస్తువు ఇచ్చాను. సీళ్లు విప్పలేదు. జావెలిన్ ఆ అమ్మాయికే ఇచ్చాను, తొడుగుతో సహా. భుజం మీదికి ఎత్తి పట్టుకోమన్నాను. ఎత్తింది. ప్లాస్టిక్ లోపల జావెలిన్ జారుతోంది. ఫోటో తీశాను. పదకొండు నిమిషాల్లో అన్నీ మళ్లీ బీరువాలోకి, బీరువా వెనక్కి వెళ్లిపోయాయి. సమయం కూడా రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో అప్పుడు తెలియదు.

ఆ సాయంత్రం రైల్లో హిందీ మాస్టారు నావైపు తిరిగారు.

"మాస్టారూ, మా నిఖాలో పెళ్లికొడుకు మొహానికి పూల సెహరా కడతారు. అదైనా ఓ గంటకి తీసేస్తారండి, లేకపోతే ఆ పిల్ల ఎవర్ని చేసుకుందో దానికెలా తెలుస్తుంది? మీరా ముసుగు ఎప్పుడు తీస్తారండి?"

నేను అయిదో పేరా గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అయితే పిల్లని కూడా ప్లాస్టిక్కులో చుట్టేయండి. దానికీ ఏమీ కాదు," అన్నారు. నాకు కోపం వచ్చి, లేచి వెళ్లి తెనాలి దాకా తలుపు దగ్గర నిలబడ్డాను. కోపం వచ్చినట్టు డైరీలో రాశాను గానీ, ఆయన అన్నది తప్పని రాయలేకపోయాను.

జిల్లా ఎంపికలు మరుసటి అక్టోబరులో, బాపట్లలో. అప్పటికి ఆ అమ్మాయి పదో తరగతి. నేనూ, అమ్మాయీ, వాళ్లమ్మా రేపల్లెలో తెల్లవారుజామున బస్సెక్కి చెరుకుపల్లి మీదుగా వెళ్లాం. వాళ్లమ్మ ఆ రోజు అమ్మకం మానుకుని వచ్చింది. కూతురు గెలవడం చూడటానికి కాదు, నేను చెప్పిన మాట నిలుస్తుందో లేదో చూడటానికి. మైదానం గేటు దగ్గర ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. 'ఆటల సామగ్రి ప్రతి బిడ్డ చేతికీ' అని పైన రాసి, కింద పెద్దల బొమ్మలు, వారి పక్కన, నిలువెత్తున, జావెలిన్ ఎత్తి పట్టుకున్న ఒక అమ్మాయి.

"మాస్టారూ, అది నేనేనండి," అంది మా అమ్మాయి. నవ్వింది. వాళ్లమ్మ ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, దాన్ని చేత్తో తడిమి, "దానికి గుడ్డ చుట్టారేంటండి?" అని అడిగింది. ఏ అధికారికీ, ఏ డిజైనరుకూ కనిపించని, నేను చూడదలుచుకోని ప్లాస్టిక్ తొడుగు ఆవిడకు ఒక్క చూపులో కనిపించింది.

పోటీలు ఉదయం తొమ్మిదికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి పదకొండు నలభైకి వచ్చారు. పిల్లలు వరుసల్లో ఎండలో నిలబడ్డారు. అతిథి ముప్ఫై అయిదు నిమిషాలు మాట్లాడారు. తాను చదువుకునే రోజుల్లో సామగ్రి లేక ఎంత కష్టపడ్డారో, ఈ రోజు పిల్లలు ఎంత అదృష్టవంతులో చెప్పి, గేటు దగ్గర ఫ్లెక్సీ వైపు చేయి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత ఆయన ఒక డిస్కస్‌ను రెండు అడుగుల దూరం వేసి, ఫోటోలు తీయించుకుని, వెళ్లిపోయారు. సమయం మించిపోయిందని నిర్వాహకులు ముందుగా విసిరి చూసుకునే అవకాశం తీసేశారు. జావెలిన్‌కు ఒక్కొక్కరికి మూడే అవకాశాలు. నేను వెళ్లి, మా అమ్మాయి అసలు జావెలిన్ ఎప్పుడూ విసరలేదు, ఒక్కసారి ముందుగా చేతికి ఇవ్వండి అని బతిమాలాను. కాగితాలు చూసుకుంటున్న యువకుడు తల ఎత్తాడు.

"మీ స్కూలుకి కిట్టు వచ్చింది కదండి సార్? ఆ ఫ్లెక్సీలో అమ్మాయి మీ స్కూలే కదా?"

మీరైతే ఏం చెప్పేవారో ఆలోచించుకోండి.

సరుగుడు కర్ర లావు, బరువు, పట్టుకు గరుకు. అసలు జావెలిన్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది. నడుమ దారం చుట్టిన పట్టు ఒక్కటే చోటు. ఆ చోట వేళ్లు ఎలా అమరాలో చేతికి తెలియాలి. చేతికి చెబితే తెలియదు, పట్టుకుంటే తెలుస్తుంది. ఆ అమ్మాయి అడుగులు చక్కగా వేసింది. చేయి చక్కగా చాచింది. కర్రకు కావలసినంత బలం జావెలిన్‌కు పెట్టింది. అది ముక్కు పైకెత్తి, గాలిలో ఆగినట్టయి, తోక ముందు నేలకు తగిలేలా పడింది. చెల్లదని ఎర్ర జెండా ఊపారు. రెండోసారీ అంతే. మూడోసారి భయపడి, నెమ్మదిగా, మొన నేలకు దిగితే చాలన్నట్టు వేసింది. పదహారు మీటర్ల చిల్లర. ఏడుగురిలో అయిదో స్థానం. మొదటి అమ్మాయి ఇరవై అయిదు మీటర్ల పది, రెండో అమ్మాయి ఇరవై మూడు ఎనభై అయిదు. మూడు విసుర్లకూ కలిపి మా అమ్మాయి చేతిలో జావెలిన్ ఉన్నది రెండు నిమిషాల లోపు. మా బడిలో జావెలిన్ సీలు విప్పకుండా ఉన్నది, ఆ రోజుతో కలిపి, నాలుగు వందల పంతొమ్మిది రోజులు. ఈ రెండు అంకెలూ ఆ రోజు పేజీలో పక్కపక్కన ఉన్నాయి. ఇంకేమీ రాయలేదు.

అమ్మాయి ఏడవలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఏడిస్తే నేను ఓదార్చేవాణ్ని, ఓదార్చి నా పని అయిపోయిందనుకునేవాణ్ని. తిరుగు బస్సు చెరుకుపల్లి దాటింది. వాళ్లమ్మ నావైపు చూడకుండా, ముందు సీటు కడ్డీకి చెబుతున్నట్టు అంది:

"కర్రతో నేర్పించి, ఇంకోదాంతో పరీక్ష పెట్టారేంటండి మాస్టారూ?"

ఆ ప్రశ్న ఆవిడ జిల్లా అధికారిని అడగలేదు, ముఖ్య అతిథిని అడగలేదు. సరైనవాణ్నే అడిగింది. నాకు నిజం చెప్పిన రెండో మనిషి ఆవిడే.

సోమవారం పొద్దున ప్రార్థన కాకముందే బీరువా జరిపి, జావెలిన్ బయటికి తీసి, బ్లేడుతో తొడుగు కోశాను. హెడ్ మిస్ట్రెస్ గారు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్లిపోయారు. ఉప్పుగాలికి లోపలే మొన దగ్గర తుప్పు మచ్చ పట్టింది. వాలీబాళ్ల సీలు కూడా కోసి చూస్తే, బ్లాడర్లు ఎండి అతుక్కుపోయాయి. భద్రంగా ఉంచినందుకు వాటికి దక్కిన ఫలితం అది.

ఆ సాయంత్రం అమ్మాయి మైదానానికి వచ్చింది. ఇంక ఎందుకు వచ్చావని నేను అడగలేదు, తనే చెప్పింది: "ముసుగు తీశారంట కదండి. హిందీ సార్ చెప్పారు." చేతికి ఇచ్చాను. ఆ రోజు అసలు విసరలేదు. ఊరికే పట్టుకుని, వేళ్లు మార్చుకుంటూ నిలబడింది. మూడో రోజుకు మొన ముందు దిగడం మొదలైంది. పన్నెండు సాయంత్రాలు సాధన చేసింది. ఎందుకోసం అని నన్ను అడగకండి. పోటీ అయిపోయింది, సీటు పోయింది. అయినా చేసింది. ప్రభుత్వం క్రీడలను ప్రోత్సహించడం అంటే ఏమిటో ఉత్తర్వుల్లో చాలా చదివాను. క్రీడ అంటే ఏమిటో ఆ పన్నెండు సాయంత్రాల్లో చూశాను.

ఆ తర్వాతి ఆదివారం ఉదయం బడి ఖాళీగా ఉంది. ఈసారి కొలవాలనుకున్నాను. మైదానంలో పొడవుగా విసరడానికి ఒకటే దిశ ఉంది, శంకుస్థాపన దిమ్మె ఉన్న దిశ. దిమ్మె చాలా దూరంలో ఉంది, అంత దూరం పోదని నేను లెక్కవేశాను. నా లెక్కలు ఎప్పుడూ వస్తువుల విషయంలో ఒప్పు, మనుషుల విషయంలో తప్పు. మొదటి విసురు ఇరవై నాలుగు. రెండోది ఇరవై అయిదు ముప్ఫై. అప్పటికే బాపట్లలో గెలిచిన అమ్మాయిని దాటేసింది. మూడోసారి అమ్మాయి నావైపు ఒకసారి చూసి, వెనక్కి ఇంకో నాలుగు అడుగులు వేసి, పరుగెత్తింది. జావెలిన్ తగ్గకుండా, వణకకుండా వెళ్లి, పదకొండు మంది పేర్లున్న పలక కింద సిమెంటుకు కొట్టుకుని, ఖంగుమని పక్కకు పడింది. మొన వంగింది. పలకకు ఏమీ కాలేదు. ఈ దేశంలో పలకలకు ఏమీ కాదు.

టేపు పట్టాను. గీత నుంచి దిమ్మె దాకా ఇరవై ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్లు. దిమ్మె లేకపోతే ఎంత వెళ్లేదో నాకు తెలియదు. 'అంతకు మించి' అని రాశాను. ఆ అంకెను పంపడానికి చోటు లేదు. మండల కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పాను. ఎంపికలు అయిపోయాయి కదండి మాస్టారూ, మళ్లీ ఏడాది చూద్దాం అన్నారు. మళ్లీ ఏడాదికి ఆ అమ్మాయి బడిలో ఉండదు.

అసలు వింత ఆ తర్వాత జరిగింది. పద్నాలుగు నెలలుగా రాని తనిఖీ బృందం ఆ నవంబరులో వచ్చింది. వచ్చినాయన వస్తువులన్నీ చూసి, మిగిలిన సీళ్లు విప్పకుండా ఉన్నందుకు నన్ను మెచ్చుకున్నారు. జావెలిన్ దగ్గర ఆగారు. మొన ఎందుకు వంగిందో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆ రాత్రి రాశాను: 'విద్యార్థిని ఈ జావెలిన్‌ను ఇరవై ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్లకు మించి విసిరినందునా, ఆ దూరంలో మైదానానికి అడ్డంగా క్రీడా ప్రాంగణపు శంకుస్థాపన ఫలకం ఉన్నందునా.' నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన ఒకే ఒక్క మంచి వాక్యం అది. హెడ్ మిస్ట్రెస్ గారు చదివి, కళ్లజోడు తీసి, "పలక మీద పేర్లు చూశారా మాస్టారూ? వాళ్లలో ముగ్గురు ఇంకా పదవుల్లోనే ఉన్నారు," అన్నారు. 'సహజంగా పాతబడినందున' అని మార్చమన్నారు. మార్చాను. రిజిస్టరులోనూ అలాగే రాశాను. మీకు ఈ పాటికి నామీద జాలి కలిగి ఉంటే, దాన్ని ఇక్కడ వెనక్కి తీసుకోండి.

అమ్మాయి పదో తరగతి పాసై, రొయ్యల షెడ్డుకు వెళ్లింది. పొద్దున నా షేర్ ఆటో ఎదురుగా వాళ్ల షెడ్డు ఆటో వచ్చేది. తలకు టోపీ పెట్టుకుని పది మందితో కిక్కిరిసి కూర్చునేది. చేయి ఊపేది. విసిరే చేయి.

ఇదంతా చెప్పేసరికి ఆ కుర్రాడు కలం మూత పెట్టేశాడు. సంతకం పెట్టడేమో అనుకున్నాను. అతను అడిగాడు:

"ఇరవై ఏడు నలభై, గాలి ఎటు ఉందండి ఆ రోజు?"

ఇన్నేళ్లలో, మండలంలో గానీ జిల్లాలో గానీ ఎవరూ ఆ విసురు గురించి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. గాలి సముద్రం నుంచి, ఎదురుగాలి అని చెప్పాను. డైరీలో ఉంది. అతను ఊఁ అని, ఎదురుగాలికి ఇంకా బాగా వేసినట్టేనండి అన్నాడు. నేను రిజిస్టరు నావైపు తిప్పుకుని, 'సహజంగా పాతబడినందున' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన నా పాత వాక్యాన్ని అక్షరం వదలకుండా రాశాను. అతను దాని కింద సంతకం పెట్టాడు.

బీరువా తాళంచెవి కోసం చేయి చాపుతాడనుకుని తీసి పట్టుకున్నాను. అతను జావెలిన్ అందుకుని, మొనను వేళ్లతో చూసుకుంటూ, దీన్ని సరిచేసేవాళ్లు రేపల్లెలో ఉన్నారాండి లేక తెనాలి తీసుకెళ్లాలా అని అడుగుతూ మైదానంలోకి వెళ్లాడు. తెనాలిలో హిందీ మాస్టారి అన్నగారున్నారని కేకేసి చెప్పాను. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అలవాటు కొద్దీ మూయబోయి, తాళంచెవిని బల్ల మీద పెట్టి, బయటికి వచ్చేశాను.